ఎండ గీత దాటేదాకా

పోయిన నెల మీ అమ్మ ఫోన్ చేసి, తమ్ముడు మధ్యాహ్నం నిద్ర మానేశాడని చెప్పింది. మంచం మీద పడుకోబెడితే ఫ్యాన్ చూస్తూ పాటలు పాడుతున్నాడట. సాయంత్రం ఐదయ్యేసరికి అన్నం గిన్నె ముందు తూలిపోతున్నాడట. పెద్దదానికి నువ్వు బండ మీద గీత గీసి ఏదో చేశావు కదా, అది ఎలా చేశావో చెప్పు అని అడిగింది. నేను నోరు తెరిచేలోపలే వెనక నుంచి నీ గొంతు వినిపించింది పెద్దపాపా, మీ విశాఖ బడి తెలుగులో.

"అవ్వ దగ్గర వాణ్ణి పడుకోబెట్టొద్దమ్మా. నిద్రపుచ్చేసి నిన్ను పంపించేస్తుంది."

మీ అమ్మ నవ్వింది. నువ్వూ నవ్వావు. నేనూ నవ్వాను.

ఫోన్ పెట్టేశాక మాత్రం ఒళ్ళో ఉన్న చిక్కుడుకాయలకు ఈనెలు తీయకుండా చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆ మాట మీ ఇంట్లో ఏడేళ్ళుగా తిరుగుతోంది. చుట్టాలు వస్తే మీ అమ్మ చెబుతుంది, ఇప్పుడు నువ్వూ చెబుతున్నావు. అందులో అవ్వ గడుసు ముసలిది. అమ్మ చీర కట్టుకొని పాపను మాయ చేసి, అమ్మను బస్సెక్కించిన మనిషి. చెప్పిన ప్రతిసారీ నేనూ అందరితో పాటు నవ్వాను, ఒక్కసారీ అడ్డం చెప్పలేదు. కానీ ఇప్పుడు తమ్ముడికి కూడా ఆ గీతే కావాలంటున్నారు. గీత గీసే ముందు దాని దగ్గర ఏం జరిగిందో మీ ఇద్దరికీ తెలియాలి. చిన్నోడికి నువ్వే చదివి వినిపించు.

అప్పుడు నీకు మూడేళ్ళు నిండబోతున్నాయి. మీ నాయన తుమ్మలపల్లె గనిలో షిఫ్టులు చేస్తూ అక్కడే ఒక గదిలో ఉండేవాడు. మీ అమ్మకు కర్నూలులో నర్సు ట్రైనింగు సీటు వచ్చింది, హాస్టల్లోనే ఉండాలన్నారు. అందుకని నువ్వు కడపలో నా దగ్గరే ఉండిపోయావు. మీ అమ్మ శనివారం సాయంత్రం వచ్చేది. ఆదివారం పొద్దున ముగ్గురం చర్చికి పోయి వచ్చి అన్నం తినేవాళ్ళం. రెండున్నర బస్సుకు తను మళ్ళీ కర్నూలు పోవాలి. రాత్రి ఎనిమిదికి హాస్టల్ గేటు వేసేస్తారు.

మొదటి ఆదివారం నువ్వు గడప దగ్గర మీ అమ్మ కాళ్ళు పట్టుకొని ఏడ్చిన ఏడుపుకు వీధి చివరి దాకా జనం బయటికి వచ్చి చూశారు. తరువాతి వారం మీ అమ్మ నాతో వంటింట్లో గుసగుసగా అంది, అది పండుకున్నాక పోతా మా, నీవు ఎట్లన్నా చేసి పండుకోబెట్టు అని. నాకూ అదే మంచిదనిపించింది. ఎందుకనిపించదు? నేను ఇరవై ఏళ్ళు అంగన్‌వాడీలో ఆయాగా చేసినదాన్ని. మధ్యాహ్నం అన్నాలు పెట్టి, మూతులు తుడిచి, చాపలు పరిచి, ఇద్దరి వీపుల మీద రెండు చేతులు, ఇంకొకడి మీద కాలు ఆనించి పదిహేను మందిని అరగంటలో నిద్రపుచ్చేదాన్ని. టీచరమ్మ కూడా నా చేతిలో ఏదో ఉందనేది. పిల్లలు నిద్రలో ఉండగా తల్లులు జారుకోవడం నాకు కొత్త కాదు. అది మోసమని ఎవరూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

చీర ఆలోచన మాత్రం నాదే. అది దాచను.

నీకు కొంగు పట్టుకోకుండా నిద్ర వచ్చేది కాదు. మీ అమ్మ ఆదివారం పూట ఇంట్లో ఒక మెత్తటి పాత వాయిలు చీర కట్టుకునేది, ఆకుపచ్చది. దాని కొంగు పిడికిట్లో పెట్టుకొని, బొటనవేలు నోట్లో పెట్టుకొని పడుకునేదానివి. పిడికిలి విప్పితే లేస్తావు. అందుకని నువ్వు నిద్రపోయాక మీ అమ్మ మెల్లగా కుచ్చిళ్ళు ఊడదీసి, చీర చుట్టు చుట్టూ విప్పేది. నేను ఆ చీరే చుట్టుకుంటూ తన చోట్లో పడుకునేదాన్ని. కొంగు నీ చేతిలో కదలకుండా ఉండాలి. ఒక మనిషి లేస్తుంటే ఇంకో మనిషి వాలుతుంటే, మధ్యలో ఊపిరి బిగబట్టుకొని, ఇద్దరమూ దొంగల్లాగా. తరువాత మీ అమ్మ చుడీదార్ తొడుక్కొని చెప్పులు చేత్తో పట్టుకొని పెరటి తలుపు గుండా పోయేది. నువ్వు నాలుగింటికి లేచేసరికి నేను చీర మార్చుకొని వంటింట్లో ఉండేదాన్ని. అమ్మ ఏది అంటే, బస్సుకు టైమయిందని పోయింది బంగారూ, నీకు ముద్దు పెట్టి పోయింది అనేదాన్ని. ముద్దు పెట్టిన మాట నిజమే.

నాలుగు ఆదివారాలు అలా గడిచాయి. నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఐదో ఆదివారం నాకే కన్ను మూతబడింది. ఎండాకాలం, మన మిద్దె ఇంట్లో మధ్యాహ్నం పూట నల్ల బండల మీద తడిగుడ్డ వేసి తుడిచి పడుకుంటే ఎవరికైనా మూతబడుతుంది. మెడ దగ్గర ఏదో లాగినట్టయి మెలకువ వచ్చింది. నువ్వు కళ్ళు మూసుకొనే కొంగు పట్టుకొని పాకుతున్నావు. చెయ్యి మీద చెయ్యి వేసుకుంటూ, బావి తాడు పట్టుకొని పైకి వచ్చినట్టు, నా భుజం దాకా వచ్చావు. అక్కడి నుంచి నీ చెయ్యి నా గడ్డం మీదికి వచ్చింది. నా గడ్డం కింద పులిపిరి ఉంది కదా, నీ వేలు దానికి తగిలింది. అక్కడ ఆగింది. అప్పుడు కళ్ళు తెరిచావు.

ఏడుస్తావనుకున్నాను. ఏడవలేదు.

"నీవా," అన్నావు. అంతే.

కొంగు వదిలేసి పోయి గోడకు ఆనుకొని కూర్చున్నావు. ఆ చీర నేను మళ్ళీ ఎన్నడూ ఒంటికి తాకనివ్వలేదు. ఆ పచ్చరంగు మాత్రం ఇప్పటికీ ఎక్కడ కనిపించినా గడ్డం కింద నీ వేలు ఆగినట్టే ఉంటుంది.

ఆ మరుసటి రోజు నుంచి నీకు పగలు నిద్ర లేదు. జో కొడితే నా చెయ్యి తీసి పక్కన పెట్టేదానివి. రెప్పలు వాలిపోతుంటే రెండు వేళ్ళతో విప్పి పట్టుకొనేదానివి. నాకు తెలిసిన విద్యలన్నీ చేశాను. తలకు ఆముదం పెట్టాను, గోరువెచ్చని నీళ్ళు పోశాను, కథలు చెప్పాను. పదిహేను మందిని నిద్రపుచ్చిన చేతులు ఒక్క పిల్ల ముందు పనికిరాకుండా పోయాయి. సాయంత్రమయ్యేసరికి నీకు ఒళ్ళు తెలియని అలసట, ఊరికే ఏడుపు, నోట్లో అన్నం ముద్దతోనే కునుకు.

వారం చూశాను. పిల్లకు నిద్ర అక్కరలేని వయసు వచ్చిందా, నిద్రంటే భయం పట్టుకుందా అని ఆలోచించాను. రెండూ అయ్యుండవచ్చు. ఏదయినా నిద్రపొమ్మనే హక్కు నాకు లేదనిపించింది. కానీ ఆ ఎండలో ఒక గంటయినా ఒళ్ళు ఆనించకపోతే నువ్వు బతకవు, నేనూ బతకను.

మన మిద్దెకు గవాచి ఉండేది, గుర్తుందా? వెలుతురు రావడానికి కప్పులో వదిలిన చదరపు కంత. దాని గుండా పడే ఎండ మధ్యాహ్నం పూట నడవలో బండల మీద చేటంత బిళ్ళగా ఉండి, వంటింటి గడప వైపు మెల్లగా జరుగుతూ పోయేది. అన్నాలయ్యాక నీ చాప తెచ్చి దాని పక్కన వేశాను. ఎండ బిళ్ళకు బండన్నర దూరంలో సుద్దముక్కతో ఒక గీత గీశాను.

"పండుకోవద్దులే. కండ్లు కూడా మూయొద్దు," అన్నాను. "ఎండ వచ్చి ఈ గీతను దాటేదాకా చాప మీదనే ఉండాల. మాట్లాడితే గుసగుసగా మాట్లాడాల. అంతే."

"నీవు యాడికి పోతావు?"

"యాడికీ పోను. ఎండ గీత దాటేదాకా ఈ ఇంట్లోంచి ఎవరూ యాడికీ పోరు. మీ అమ్మ వచ్చిన రోజు అమ్మ కూడా పోదు."

నువ్వు నా మొహం చాలాసేపు చూశావు. నేను ప్రార్థనలో చేతులు జోడించినట్టు జోడించి, నిజం అన్నాను.

మొదటి రోజు ఎండ నాలుగు వేళ్ళు కూడా జరగకముందే లేచావు. మరునాడు చాపను ఎండతో పాటు జరుపుకుంటూ పోయావు. మూడోరోజు నేను వంటింటి వైపు తిరిగి ఉన్నప్పుడు ఉమ్మితో గీత చెరిపేసి, సుద్దముక్క తీసుకొని ఎండకు ఆనించి కొత్త గీత గీసి, అయిపోయినాది అవ్వా అన్నావు. వంకర టింకరగా వానపాములాగా ఉంది ఆ గీత. నేను ఏమీ ఎరగనట్టు, అవునే, ఈ పొద్దు ఎండ శానా తొందరగా వచ్చినాది అన్నాను. నువ్వు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకొని నవ్వావు. ఆ మోసం నాకు ఎంత బాగుందో చెప్పలేను. నాతో ఆడుతున్నావు కదా అని.

పది రోజులకు కుదురుకున్నావు. చింతపిక్కలు, నా పాత గుండీల డబ్బా, పోయిన ఏడాది క్యాలెండరు బొమ్మలు, వీటితో చాప మీద నీ సంసారం. గుండీలను చాపలు పరిచినట్టు వరసగా పెట్టి ఒక్కొక్కదాన్నీ వేలితో జో కొట్టేదానివి. కొన్ని నిద్రపోయేవి కావు, వాటికి గోడ పక్కన చోటిచ్చేదానివి. ఏ గుండీనీ తిట్టేదానివి కాదు. నేను పక్కన వెల్లకిలా పడుకొని ఊరికే వింటూ ఉండేదాన్ని. కళ్ళు మూయలేదు నువ్వు, నా పక్కన మాత్రం మూయలేదు. కానీ ఒళ్ళు వదులైంది, సాయంత్రం ఏడుపు తగ్గింది. నాకు అదే చాలనుకున్నాను. గీత దాటేదాకా ఎవరూ పోరన్న మాట రోజూ నిలబడుతోంది, రోజుకు ఒక వేలు మందం నమ్మకం పేరుకుంటోంది అనుకున్నాను.

డ్యూటీలు పడి ఆ రెండు ఆదివారాలూ రాలేకపోయిన మీ అమ్మకు ఫోన్లో అంతా చెప్పాను. ఎండ గీత దాటేసరికి రెండూ ముప్పావు అవుతుంది, నీవు మూడు గంటల తరువాతి బస్సుకు పో, ఆ ఒక్కరోజు వార్డెనుకు చెప్పుకో, పాప చూస్తుండగానే పో అన్నాను. సరేలే మా అంది.

ఆ ఆదివారం అన్నాలయ్యాక నువ్వే చాప వేసుకున్నావు, మీ అమ్మకు గీత చూపించి రూల్సు చెప్పావు. మీ అమ్మ కూడా పక్కన కూర్చొని గుసగుసగా మాట్లాడింది. కాసేపటికి నీళ్ళు తాగి వస్తానని లేచింది. నువ్వు గుండీలు పరుస్తున్నావు. ఎండకూ గీతకూ జానెడు దూరం ఉంది.

పెరటి తలుపు గొళ్ళెం చప్పుడు నాకు వినిపించింది. నీకూ వినిపించింది.

తల తిప్పి నన్ను చూశావు. తరువాత గీతను చూశావు. లేచి పరుగెత్తుతావనుకున్నాను. పరుగెత్తి ఉంటే సందు మలుపులో అందేదానివి కూడా. నువ్వు చాప అంచు రెండు చేతులతో పట్టుకొని కూర్చున్నావు.

"అవ్వా, అమ్మ పోయినాది," అన్నావు, గుసగుసగానే, ఎందుకంటే అది రూలు. "ఇంకా ఎండ రాల్యా కదా."

నేనయినా లేవాల్సింది. బయటికి పోయి మీ అమ్మను వెనక్కి పిలవాల్సింది. లేవలేదు. నేను కూడా చాప వదిలితే ఇక ఏదీ మిగలదనిపించింది. ఏమో, పరువు కూడా కావచ్చు, వీధిలో కూతురితో గొడవెందుకని. నువ్వు గీత చెరపలేదు. దొంగ గీత గీయలేదు. జానెడు ఎండ జరిగేదాకా అలాగే కూర్చొని, అది గీత దాటాక లేచి పెరట్లోకి పోయి గొళ్ళెం చూసి వచ్చావు.

సాయంత్రం బస్సులోంచి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు మాట్లాడతానన్నావు. నీ చేతిలో ఫోన్ నిలవదు కాబట్టి నేనే పట్టుకున్నాను, స్పీకరు పెట్టి. ఎందుకు చెప్పకుండా పోయినావు మా అని అడిగావు.

"అవ్వనే పొమ్మన్నాది నాన్నా," అంది మీ అమ్మ. "నేను ఉంటానంటే, పాప ఆడుకుంటాంది కదా ఇప్పుడే పో అన్నాది."

ఫోన్ నా చేతిలోనే ఉంది. లేదు అనడానికి ఒక్క మాట చాలు. నువ్వు ఫోన్ వైపు కాదు, నా వైపు చూస్తున్నావు. నేను ఆ ఒక్క మాట అనలేదు. వారానికి ఒక్కరోజు వచ్చే తల్లి అబద్ధం చెప్పిందంటే మిగతా ఆరు రోజులు ఈ పిల్ల దేన్ని పట్టుకొని ఉంటుంది అనిపించింది. నన్నయితే ఎదురుగా పెట్టుకొని కోపగించుకోవచ్చు. ఇదంతా అప్పుడే ఇంత తీరిగ్గా ఆలోచించానని కాదు. నా కడుపున పుట్టిన బిడ్డ, నా పక్కన గుసగుసలాడిన బిడ్డ, నేనిచ్చిన మాటను అడ్డం పెట్టుకొని పోయింది, పోతూ దాన్ని నా మీదనే వేసింది.

ఆ వారం నువ్వు గీత గీయనివ్వలేదు. చాపను గోడ వైపు తిప్పి నాకు వీపు పెట్టి కూర్చున్నావు. నీళ్ళ కుళాయి దగ్గరికి పోయినా, పోతాండావా అని వెనకాలే వచ్చేదానివి. ఒక మధ్యాహ్నం నాకు కునుకు పట్టి లేవబోతే పైట రాలేదు. చూస్తే నా కొంగును మంచం కోడుకు మూడు ముళ్ళు వేసి కట్టి, పక్కన కాపలా కూర్చున్నావు. నేను విప్పుకోలేదు. నువ్వే విప్పేదాకా అలాగే పడుకున్నాను. నీ పళ్ళతో విప్పావు, చివరి ముడి శానా గట్టిగా పడింది.

శనివారం మీ అమ్మ వచ్చింది. నువ్వు పక్కింటి మెట్ల మీద ఆడుకుంటున్నప్పుడు అడిగాను, గొంతు పెంచకుండానే. నా గొంతు పెరగదు, నీకు తెలుసు.

"నేను ఎప్పుడు పొమ్మంటి నిన్ను?"

మీ అమ్మ బ్యాగులోంచి బట్టలు తీస్తూ తల ఎత్తలేదు.

"అది ఏడ్చే మొకం చూసి పోయినానంటే కర్నూలు దాకా నేను ఏడ్చుకుంటా పోవాల మా. నీవైతే ఇంట్లోనే ఉంటావు. నీ మీద కోపమొచ్చినా అది యాడికి పోతాది? నా మీద కోపమొస్తే, మళ్ళా నేనొచ్చేసరికి నన్ను మర్చిపోతే?"

ఆ మాటలో నిజం ఉంది. నిజం ఉండడం వల్లనే ఎక్కువ గుచ్చుకుంది. ఎక్కడికీ పోలేని మనిషిని కాబట్టి నా మీద ఏమైనా వేయవచ్చు అని తనకు తెలుసు. పాపకు నిజం చెప్పు అని నేను అడగలేదు. అడిగితే చెప్పేదేమో, తెలియదు. రేపు మాత్రం దాని కండ్ల ముందర పోవాల, ఏడిస్తే ఏడవనీ, బస్సు దాకా నేనే తోడుకొని వస్తా అన్నాను. మీ అమ్మ మడత పెట్టిన బట్టలనే మళ్ళీ మడత పెట్టి, సరే అంది. పోయినసారి సరేలే అన్నట్టు మాత్రం అనలేదు.

ఆదివారం ముగ్గురం ఆటోలో బస్టాండుకు పోయాం. మీ అమ్మ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. నువ్వు నా చంకలో ఉండి చూస్తున్నావు, చెయ్యి ఊపమంటే ఊపలేదు. బస్సు వెనక్కి తీసి, మలుపు తిరిగి, దాని దుమ్ము కూడా పోయాక మొదలుపెట్టావు. అంత ఏడుపు నేను అంగన్‌వాడీలో కూడా వినలేదు. కాళ్ళతో నా పొట్టలో తన్నావు. ఆటో ఆయన అద్దంలో చూసి, ఏమైనాదమ్మా పాపకు అన్నాడు. వాళ్ళమ్మ ఊరికి పోయినాదప్పా అన్నాను. అది దాచాల్సిన మాట కాకపోవడం నాకు ఎంత తేలికగా అనిపించిందో. గట్టిగా ఇంకోసారి కూడా చెప్పాను, నీకు వినబడేలా.

దారిలో రైల్వే గేటు పడింది. గూడ్సు బండి, ఎర్రగుంట్ల వైపు నుంచి సిమెంటు పెట్టెలు, ఎంతకూ అయిపోదు. ఎండ ఆటోలోకి వచ్చి మన కాళ్ళ మీద పడింది. నీ ఏడుపు వెక్కిళ్ళయింది. నీ చెయ్యి నా కొంగు చివర వెతుక్కొని పిడికిట్లో పెట్టుకుంది. ఆ తరువాత నువ్వు చేసిన పని నేను ఎవరికీ చెప్పలేదు, మీ అమ్మకు కూడా. ఆ కొంగును పట్టుకొని, చెయ్యి మీద చెయ్యి వేసుకుంటూ పైకి వచ్చావు. భుజం, మెడ, గడ్డం. పులిపిరి మీద వేలు పెట్టి కళ్ళెత్తి నా మొహం చూశావు. నేనే అని చూసుకున్నావు. చూసుకొని, నేనే అయినా సరే, కళ్ళు మూశావు.

గేటు తెరిచి ఇల్లు చేరాక కూడా ఆటోలోనే ఇంకో పది నిమిషాలు కూర్చున్నాను, పిల్ల లేస్తుందని. ఆ ఆటో ఆయన మంచివాడు, ఇంజను ఆపేసి కూర్చున్నాడు.

ఆ మరునాడు నువ్వే సుద్దముక్క తెచ్చి ఇచ్చావు, గీయమని. చాప మాత్రం కొన్నాళ్ళు గోడ వైపే ఉంది. మీ అమ్మ ట్రైనింగు అయ్యేదాకా ప్రతి ఆదివారం బస్టాండుకు పోయాం, ప్రతిసారీ ఏడ్చావు, చెప్పకుండా మాత్రం ఎవరూ పోలేదు. కానీ నువ్వు పెద్దవుతూ గుర్తుపెట్టుకున్నది బస్టాండు కాదు. చీర గుర్తుంది, అవ్వ పొమ్మందన్న మాట గుర్తుంది. దాన్ని సరిదిద్దే సందర్భాలు మీ అమ్మకు చాలా వచ్చాయి. ప్రతిసారీ నవ్వుతూ దాటేసింది. చీర సంగతి నా తప్పే, అది నా మీద ఎన్నిసార్లయినా చెప్పండి. రెండోది నాది కాదు.

తమ్ముడికి ఏం చేయాలో అడిగారు కదా. మీ అపార్ట్‌మెంటులో గవాచి ఉండదు, కిటికీ ఎండయినా సరిపోతుంది. వాడి చేత్తోనే గీత గీయించండి. గుండీల డబ్బా నా దగ్గరే ఉంది, పంపిస్తాను. వాడు గీత చెరిపి దగ్గరికి గీసుకుంటే చూడనట్టు ఉండండి. ఒక్కటి మాత్రం నువ్వే చెయ్యి పెద్దపాపా. వాడు చాప మీద కూర్చునే ముందు, ఈ గంటసేపు ఇంట్లోనే ఉంటావా అని మీ అమ్మను అడుగు. ఉంటానంటే, ఆ మాట వాడి ముందర అనమను.